నిండుకున్న గొంతు

చీరల కొట్లో చీరలు పరిచినట్టు, డాక్టర్ వకుళ ఆ పొద్దున బల్ల మీద నాలుగు గొంతులు పరిచింది.

మొదటిది రేడియోలో వార్తలు చదివే ఆవిడ గొంతులా ఉంది, నునుపుగా, ఎక్కడా పోగు తేలకుండా. రెండోది ఓ కుర్రాడిది, నవ్వుతూ మాట్లాడుతున్నట్టుంది. మూడోది వినగానే నీలవేణి చెవులు మూసుకుంది. అది మనిషి గొంతు కాదు. రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడించినట్టుంది.

"దీన్నిలా నెమ్మదిగా వినకూడదు తల్లీ," అన్నాడు పక్కనే కుర్చీలో కూర్చున్న కూర్మారావు మాష్టారు. పుట్టుగుడ్డి. ఆ ప్రయోగశాలలో గొంతుల్ని పరీక్షించే ఉద్యోగం ఆయనది. చెయ్యి చాచి ఏదో మీట తిప్పాడు. రేకు గొంతు ఒక్కసారిగా పరుగందుకుంది. కాగిన నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటలాడింది. నీలవేణికి ఒక్క ముక్క అర్థం కాలేదు.

తొమ్మిదేళ్ళ హంసిని మాత్రం కిలకిలా నవ్వింది. "అమ్మా, భలే స్పీడు! మళ్ళీ పెట్టండి మాష్టారూ!"

నీలవేణి కూతురి చెయ్యి పట్టుకుంది. ఈ రేకు మనిషా తన బిడ్డ తలలో కాపరం పెట్టబోయేది?

కాపరమనే అనాలి మరి. చూపు లేనివాళ్ళకి కంప్యూటరు చదివి వినిపించే గొంతులు ఏనాటి నుంచో ఉన్నాయి. నచ్చకపోతే మార్చుకోవచ్చు, విసుగొస్తే నొక్కి నోరు మూయించొచ్చు. ఇది అలాంటిది కాదు. దీని పేరు వినుచూపు. ఓ జత కళ్ళద్దాలు, చెవి వెనక అతికించే చొక్కా బొత్తామంత బిళ్ళ. కంప్యూటరు తెరైనా, రోడ్డు మీద గొయ్యి అయినా, కళ్ళద్దాలకు ఏది కనిపిస్తే అది బిళ్ళలోని గొంతు చెబుతుంది. మెదడులో చూపు కోసం కట్టిన గది ఒకటి వీళ్ళకి ఖాళీగా పడి ఉంటుందట. బిళ్ళ ఆ గది తలుపు తడుతుంది. మండలం రోజులు, అంటే అయ్యప్ప మాల వేసుకున్నన్ని రోజులు, ఒకే గొంతు తడితే తలుపు కొద్దికొద్దిగా తెరుచుకుంటుంది. ఆ తర్వాత ఆ గొంతు వినబడదు, కనబడుతుంది. కూర్మారావు మాష్టారుకు అలాగే కనబడుతోంది. పొద్దున గుమ్మంలో నీలవేణి అడుగు పెట్టగానే "ఆకుపచ్చ చీర, కుడి చెప్పు తెగబోతోంది, చూసుకో" అన్నాడు.

నలభై రోజులు దాటాక గొంతు మార్చడం కుదరదు. వేళ్ళు దిగిన మొక్కను పీకినట్టే.

"ముద్దొచ్చే గొంతు వద్దమ్మా," అన్నాడు మాష్టారు. "నేను వీటితో ముప్పయ్యేళ్ళు కాపరం చేసినోణ్ణి. తియ్యటి గొంతు మూడో రోజుకి వెగటేస్తాది. తొందరగా చదవమంటే మాటలు మింగేస్తాది. రేకుదానికి సిగ్గూ లేదు, ఎగ్గూ లేదు. ఉన్నది ఉన్నట్టు కక్కేస్తాది."

"నాలుగోది ఏదండీ?" అంది నీలవేణి, ఆయన మాట విననట్టు.

వకుళ చెప్పింది. "నాలుగోది ఖాళీ గొంతు నీలవేణి గారూ. ఎవరి మాట వినిపిస్తే వాళ్ళ గొంతు పట్టుకుంటుంది. ఒక్క గొంతే కాదు, వాళ్ళ మాట తీరు కూడా. కొత్తది. ఇంకా ఎవరికీ పెట్టలేదు."

నీలవేణి ఊపిరి బిగబట్టి కూతురి వైపు చూసింది. నోరు తెరిచి ఏమీ అనలేదు. అననక్కర్లేకపోయింది.

హంసిని తల తిప్పి, నవ్వు ఆపేసి, "అమ్మదే కావాలి," అంది.

*

గొంతు ఇవ్వడమంటే ఏముంది, చదివితే సరిపోతుందనుకుంది నీలవేణి. అద్దాల గదిలో కూర్చోబెట్టి కాగితాలిచ్చారు. ఆమె చదువు ఎనిమిదో తరగతిలో ఆగింది. తండ్రి కాలు విరిగిన ఏడు బడి మానేసి రొయ్యలు వొలిచే షెడ్డులో చేరింది. ఇప్పటికీ వాక్యం కింద వేలు పెట్టుకుంటే గాని చదవలేదు. ఒత్తు అక్షరం వచ్చిన చోటల్లా వేలు ఆగేది, గొంతూ ఆగేది. రెండు రోజులు చూసి వకుళ కాగితాలు తీసేసింది.

"చదవొద్దు. ఇంటికెళ్ళి మామూలుగా మాట్లాడుకోండి," అని జాకెట్టుకు చిన్న మైకు గుచ్చి పంపింది.

పదిహేను రోజులు ఆ మైకు ఆమెతో పాటే లేచింది, వండింది, తిట్టింది. భర్త సింహాద్రి ఓడరేవులో క్రేను నడుపుతాడు. డ్యూటీ నుంచి రాగానే మైకుకు దణ్ణం పెట్టేవాడు.

"ఓలె, నన్ను తిట్టిన తిట్లన్నీ ఇందులోకి ఎక్కుతున్నాయేటే?"

"ఎక్కనీ. రేపు మిమ్మల్ని గుర్తుపట్టడం మీ కూతురికి సులువవుతాది."

తిట్లు ఎక్కాయి. వాటి వెంట ఇంకా చాలా ఎక్కాయి.

నీలవేణి నోట చెడ్డ మాట రాదు. బూతు సంగతి కాదు, అశుభం సంగతి. చిన్నప్పుడు తల్లి నేర్పిన భయమది. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, నువ్వు 'లేదు' అంటే వాళ్ళు 'తథాస్తు' అంటారు, ఇక జన్మలో ఉండదు. అందుకని బియ్యం అయిపోయినా అయిపోయాయనదు, నిండుకున్నాయంటుంది. దీపం ఆరిపోయిందనదు, కొండెక్కిందంటుంది. ఎక్కడికి వెళ్ళినా వెళ్ళొస్తానంటుంది. చూపు లేని బిడ్డ పుట్టాక, ఆ బిడ్డకు మూడో ఏట ఉబ్బసం కూడా వచ్చాక, ఆ భయం ముదిరింది. సూది మందు వేయిస్తే చీమ కుట్టిందమ్మా అనేది. పక్క వీధి పెళ్ళికి హంసినిని తీసుకురావద్దన్నారని చెప్పలేక పెళ్ళి వాయిదా పడిందమ్మా అనేది. ఏమైంది అని హంసిని ఎప్పుడడిగినా ఒకటే జవాబు: "ఏం లేదు బంగారం."

మైకు అన్నీ వింది.

*

బిళ్ళ పెట్టిన తొమ్మిదో రోజున హంసిని అన్నం తింటూ తల ఎత్తి, "గోడ మీద బల్లి పాకుతోంది," అంది. నిజంగానే పాకుతోంది. నీలవేణి చేతిలో గరిటె జారి పడింది. సింహాద్రి చెయ్యి కడుక్కోకుండానే పిల్లని ఎత్తుకుని వీధిలోకి పరిగెత్తి, వాకిట్లో ఉన్న వాళ్ళందరి చొక్కాల రంగులూ చెప్పించాడు.

ఇరవయ్యో రోజుకు హంసిని మెట్లు లెక్కపెట్టడం మానేసింది. "మెట్టు వచ్చే ముందు నీ గొంతు కొంచెం వంగుతుందమ్మా. చెప్పక్కర్లేదు, తెలిసిపోతుంది," అనేది.

నీలవేణికి సంతోషంతో పాటు ఒంట్లో ఏదో జంకు. ఓసారి పిల్ల బడి లాప్‌టాప్‌లో పాఠం చదువుకుంటూ గొంతును బయటి స్పీకరుకు పెట్టింది. వంటింట్లో ఉన్న నీలవేణికి ముందు గదిలో తను మాట్లాడుతున్నట్టు వినిపించింది. ఒత్తు అక్షరాల దగ్గర ఆగకుండా, గడగడా చదువుతోంది. తను చదువుకుని ఉంటే అలా ఉండేది కాబోలు. తొంగి చూసే ధైర్యం చాలక పోపు మాడేదాకా అక్కడే నిలబడిపోయింది.

ఇరవై నాలుగో రోజున బడి నుంచి వచ్చి హంసిని బుంగమూతి పెట్టింది.

"లెక్కల్లో ఎన్నొచ్చాయో లాప్‌టాప్‌లో పెట్టారు. నీ గొంతేమో 'బాగానే వచ్చాయి బంగారం' అంది. తీరా చూస్తే మిస్సు పదకొండు అంటోంది. పాతికకి పదకొండు. బాగానే ఎలా అవుతాయి?"

నీలవేణిని అడిగినా సరిగ్గా ఆ మాటే అనేది. ఆ మాటే, ఆ తియ్యదనంతోనే.

రెండు రోజుల తర్వాత బడికి నడిచి వెళ్తుంటే రోడ్డు పక్కన లారీ కింద పడ్డ కుక్క ఉంది. వంటి మీద ఈగలు. హంసిని ఆగి అటే తల తిప్పింది.

"అక్కడేముందమ్మా? నీ గొంతు 'ఏం లేదు, పద' అంటోంది. ఏం లేకపోతే ఈ వాసనేటి?"

"ఏం లేదు, పద," అంది నీలవేణి.

రెండు గొంతులూ ఒక్కటే మాట అన్నాయి. హంసిని ముక్కు మూసుకుని నడిచింది.

వకుళకు చెప్పాలనుకుంది నీలవేణి. రెండుసార్లు ఫోను తీసింది. చెబితే గొంతు తీసేస్తారేమో, పిల్లకి బల్లులూ మెట్లూ పోతాయేమో. రెండుసార్లూ ఫోను పెట్టేసింది. అయినా తల్లన్నాక బిడ్డకి కష్టం కనపడకుండా చెయ్యి అడ్డం పెట్టడం తప్పా అని తనకు తనే సర్ది చెప్పుకుంది.

*

ముప్పై ఒకటో రోజున పదకొండు గంటలకు బడి నుంచి ఫోనొచ్చింది. హంసినికి ఊపిరాడటం లేదు, ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం, రండి.

ఆటోలో ఆమెకి దారి కనపడలేదు. పిల్ల సంచిలో పీల్చే పంపు ఉండాలి. ఉబ్బసం పట్టగానే రెండుసార్లు నొక్కి పీలిస్తే తగ్గిపోతుంది. ఎప్పుడూ తగ్గింది. ఈసారి ఎందుకు తగ్గలేదు?

ఆసుపత్రి మంచం మీద హంసిని మూతికి మందు పొగ వచ్చే గొట్టం పెట్టుకుని కూర్చుని ఉంది. పెదాలు నీలం తిరిగి, అప్పుడే మళ్ళీ రంగు పట్టుకుంటున్నాయి. మెడ దగ్గర చర్మం ఊపిరి ఊపిరికీ లోపలికి పోతోంది. మరో పది నిమిషాలు ఆలస్యమైతే అని నర్సు ఏదో అనబోయి, తల్లి మొహం చూసి మానేసింది.

సంచిలోంచి పంపు తీసి చూసింది నీలవేణి. వెనక చిన్న కిటికీలో మూడు సున్నాలు. మందు ఎప్పుడో అయిపోయింది. ఉత్త గాలి కొడుతోంది.

గంట తర్వాత గొట్టం తీశారు.

"ఏటి తల్లీ ఇది? పొద్దున పంపు చూసుకున్నావా?"

"చూశానమ్మా," అంది హంసిని బొంగురుగా. "ఎంతుందని అడిగాను. నీ గొంతు నిండుకుంది అని చెప్పింది."

"మరి నిండుకుంటే నాతో చెప్పాలి కదా! కొత్తది కొనేవాళ్ళం కదా!"

హంసిని కనుబొమలు ముడిపడ్డాయి. "నిండుకుంటే కొత్తదెందుకు? నిండా ఉంది కదా?"

నీలవేణి పంపును చేతిలో అటూ ఇటూ తిప్పింది.

"నిండుకుందంటే..." అంది మెల్లగా. "నిండుకుందంటే ఏటనుకుంటున్నావమ్మా?"

"నిండిందని. బియ్యం నిండుకున్నాయంటావు కదా. డబ్బా నిండా ఉన్నాయని." పిల్ల ఆయాసంతో ఆగి, మళ్ళీ చెప్పింది. "నువ్వు నిండుకున్నాయనగానే నాన్న బస్తా తెస్తారు. పోస్తున్న చప్పుడు వినబడుతుంది. నిండిందనే కదా?"

తొమ్మిదేళ్ళు ఒకే ఇంట్లో, ఒకే కంచంలో తిన్నారు. కళ్ళున్న పిల్లలకి ఆ మాట ఎవరూ నేర్పరు. తల్లి నిండుకున్నాయంటుంది, పిల్ల డబ్బాలోకి తొంగి చూస్తుంది, అడుగు కనబడుతుంది, మాటకు అర్థం తిరగబడిందని తెలిసిపోతుంది. హంసిని ఏనాడూ డబ్బాలోకి తొంగి చూడలేదు. శుభమా అని తను అన్న మాట పిల్ల చెవిలో మామూలు అబద్ధంలా పడి ఉండిపోయింది. బియ్యం విషయంలో అబద్ధమైతే బియ్యం వచ్చాయి. ఊపిరి విషయంలో...

ఆ పైన ఆలోచించలేకపోయింది. మంచం కోడు పట్టుకుని నేల మీద కూలబడింది.

*

"ఆ ఒక్క మాటా సరిచేసేస్తాం," అంది వకుళ మర్నాడు. ఆవిడ మొహం కూడా వాడిపోయి ఉంది. "ఇక మీదట అయిపోయిందనే చెబుతుంది. అరగంట పని. అయినా నెలరోజుల నుంచి ఇలా చెబుతోందని నాకు తెలియాలి కదా. తప్పు నాది."

"నాదండీ," అంది నీలవేణి. "లెక్కల మార్కుల నాడే నాకు తెలుసు."

కూర్మారావు మాష్టారు గొంతు సవరించుకున్నాడు.

"ఒక మాట తీస్తారు సరే డాక్టరుగారూ. తీగ లాగితే డొంకంతా ఉంది కదా. ఇంకెన్నున్నాయో ఈ తల్లికైనా తెలుసా?" అని నీలవేణి వైపు తిరిగాడు. "కోప్పడుతున్నాననుకోకు తల్లీ. మా అమ్మా అంతే. కానీ మేం గుడ్డోళ్ళం గట్టోళ్ళం. అమ్మ దాచిపెడుతుంటే మాకు తెలిసిపోతాది. ఊపిరి మారుతాది, గాజులు ఆగిపోతాయి. అబద్ధం మనిషి చెప్తే పట్టుకుంటాం. మరి ఈ బిళ్ళకి గాజుల్లేవు. ఊపిరి లేదు. దీన్ని ఎలా పట్టుకుంటాది ఆ గుంట పిల్ల?"

నీలవేణి లెక్కపెట్టుకుంది. చీమ కుట్టింది. పెళ్ళి వాయిదా పడింది. బాగానే వచ్చాయి. అవతల ఏం లేదు. లోతుగా ఏం లేదు. వేడిగా ఏం లేదు. చేతి వేళ్ళు అయిపోయాయి. రేపు రైలు పట్టాల దగ్గర హంసిని ఏమొస్తోందని అడిగితే, బిళ్ళ ఏమంటుందో తనకు తెలుసు. తనేమంటుందో అదే.

"గొంతు తీసేయండి మేడమ్. రేకుది పెట్టండి."

వకుళ లోపలికి వెళ్ళింది. మూడు పేజీల కాగితం తెచ్చి చేతిలో పెట్టింది. "అంత తేలిక కాదు. ముప్పై రెండో రోజు నడుస్తోంది. నలభై దాటితే ఇక ఎప్పటికీ మార్చలేం. ఇప్పుడు మారిస్తే ఏమవుతుందో ఇందులో రాశాను. ఇంటికి తీసుకెళ్ళి చదవండి. ఎల్లుండి చెప్పండి."

*

ఇంట్లో హంసిని నిద్రపోతోంది. ఆసుపత్రి నుంచి వచ్చాక పగలంతా అలాగే మగతగా పడి ఉంటోంది. సింహాద్రి డ్యూటీలో ఉన్నాడు. నీలవేణి కాగితం పరుచుకుని వేలు పెట్టింది. మొదటి వాక్యంలోనే మూడు కొరుకుడుపడని మాటలు. కళ్ళు మసకబారాయి.

బిళ్ళ నిద్రలో కూడా పిల్ల చెవి వెనకే ఉంటుంది. బల్ల మీద కళ్ళద్దాలున్నాయి, లాప్‌టాప్ ఉంది. కాసేపు వాటి వైపు చూసింది. గొంతును స్పీకరుకు పెట్టడం పిల్ల చేస్తుంటే చూసి నేర్చుకుంది. కళ్ళద్దాలు కాగితం మీద ఆనించింది.

"ఇందులో ఏం రాశారు?" అని అడిగింది. తన గొంతును తనే అడగడం, నూతిలోకి వంగి పిలిచినట్టుంది.

"ఏం లేదు బంగారం," అంది స్పీకరులోంచి నీలవేణి. "మామూలు కాగితమే. అన్నీ బాగానే రాశారు."

నీలవేణి కళ్ళద్దాలు మళ్ళీ సర్దింది. "సరిగ్గా చదువు. మారిస్తే ఏమవుతాదని రాశారు?"

"ఏమీ కాదమ్మా. చీమ కుట్టినట్టుంటుంది. భయపడకు. సంతకం పెట్టెయ్."

ఎంత హాయిగా ఉందో ఆ మాట. అదే ఆమెని భయపెట్టింది. ఎవరో తల నిమిరినట్టు, చంకనేసుకున్నట్టు ఉంది. నిజంగానే ఏమీ కాదేమో అనిపించింది. కలం కోసం చెయ్యి సగం దూరం వెళ్ళింది కూడా. తొమ్మిదేళ్ళుగా ఈ హాయిలోనే తన బిడ్డ కళ్ళు మూసుకుని నడుస్తోంది. రోజూ, ప్రతి గుమ్మం దగ్గరా.

లాప్‌టాప్ మూసేసింది. మూత కింద గొంతు "ఏమైంది బంగారం?" అని సగంలో ఆగింది.

మళ్ళీ కాగితం మీద వేలు పెట్టింది. ఒక్కో ఒత్తూ విడదీసుకుంటూ, తెలియని మాటకి ముందు మాటనీ వెనక మాటనీ కలుపుకుంటూ, ఒంటి గంట నుంచి నాలుగున్నర దాకా చదివింది. అర్థమైంది ఇదీ. ముప్పై రోజుల తర్వాత గొంతు మారిస్తే వచ్చిన చూపు మొత్తం ఆ క్షణమే పోతుంది. కొత్త గొంతు మళ్ళీ నలభై రోజులు తలుపు తట్టాలి. తలుపు తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు. ఇంతవరకూ ఐదుగురికి మార్చారు. ఇద్దరికి తెరుచుకుంది. ముగ్గురికి ఇక ఎప్పటికీ తెరుచుకోలేదు.

సింహాద్రి వచ్చి విన్నాడు. చాలాసేపు చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే కూర్చున్నాడు.

"పిల్లకి చెప్పకే నీలా," అన్నాడు చివరికి. "బిళ్ళ శుభ్రం చెయ్యడానికి తీస్తున్నారని చెప్దాం. మనమే సంతకం పెట్టేద్దాం. ఏడుస్తాది."

"మీరూ నేర్చుకున్నారు," అంది నీలవేణి. "నా దగ్గరే."

*

హంసిని లేచాక పక్కన కూర్చుని మొత్తం చెప్పింది. బిళ్ళ లేకుండా, తన నోటితో. చెబుతుంటే నాలుక అడుగడుక్కీ పక్క దారులు వెతుక్కుంది. 'పోతుంది' అనాల్సిన చోట 'తగ్గుతుంది' అని వచ్చింది, వెనక్కి తిప్పి 'పోతుంది' అంది. 'ముగ్గురికి రాలేదు' అనే చోట రెండుసార్లు ఆగింది. సాయంత్రం అవుతోంది. తథాస్తు దేవతలు వింటారేమోనని ఒకసారి పైకి చూసింది. వినేవాళ్ళని విననిమ్మని, అనాల్సినది అంది.

హంసిని కాళ్ళు మంచం కిందకి వేలాడేసి వింది.

"బల్లి పోతుందా?"

"పోతుంది."

"మెట్లూ?"

"అవీ పోతాయి. మళ్ళీ లెక్కపెట్టుకోవాలి."

"రేకు గొంతుకి మళ్ళీ వస్తాయా?"

'వస్తాయి బంగారం' అన్న మాట పెదవి దాకా వచ్చింది. "తెలీదమ్మా. రాకపోవచ్చు. ఇద్దరికి వచ్చాయి, ముగ్గురికి రాలేదు. మార్చొద్దంటే మార్చం. ఆ మాట సరిచేస్తామన్నారు. నువ్వే చెప్పు."

పిల్ల చాలాసేపు దుప్పటి కొస నలుపుతూ కూర్చుంది. తర్వాత అంది, "నాకు ముందే రేకుదే నచ్చిందమ్మా."

"మరి అమ్మదే కావాలన్నావు?"

"నీ ఊపిరి ఆగిపోయింది కదా. రేకుది అంటే నువ్వు ఏడుస్తావేమోనని."

దాచడం పిల్లకీ వచ్చేసింది. బిళ్ళ అవసరం లేకుండానే.

"మార్చేద్దాం," అంది హంసిని. "ఇద్దరమ్మలైపోయారు. ఎవరు ఎప్పుడు అబద్ధం చెప్తున్నారో తెలీటం లేదు."

*

ముప్పై నాలుగో రోజు పొద్దున ప్రయోగశాలలో వకుళ హంసిని చెవి వెనక జుట్టు తొలగించింది. బిళ్ళ కదిలించే ముందు, "సిద్ధమేనా?" అంది. హంసిని తల్లి చెయ్యి వెతికి పట్టుకుని, తలూపింది.

చిన్న చప్పుడైంది, గింజ పొట్టు వలిచినట్టు.

హంసిని ఒళ్ళంతా బిగుసుకుంది. "అమ్మా, గోడలు పోయాయి! గోడలు పోయాయమ్మా!" అని అరిచింది. గోళ్ళు నీలవేణి మణికట్టులో దిగబడ్డాయి. "కింద ఏమీ లేదు! పడిపోతున్నాను!"

ఏం లేదు బంగారం అనలేదు నీలవేణి. "కుర్చీలో ఉన్నావు. నేను పట్టుకునే ఉన్నాను. గోడలు ఉన్నాయి, నీకు కనబడటం లేదు," అంది.

పిల్ల వణుకు తగ్గడానికి అరగంట పట్టింది. తర్వాత కొత్త బిళ్ళ అతికించారు. మొదటి రోజు మాత్రం అమ్మ కూడా వినాలని వకుళ గొంతును స్పీకరుకు కూడా పెట్టి, వేగం తగ్గించింది. కూర్మారావు మాష్టారు కుర్చీ దగ్గరగా జరుపుకుని చెవి ఒగ్గాడు.

"ఎప్పటికి తెలుస్తాది మాష్టారూ?" అని అడిగింది నీలవేణి.

"తెలిసినప్పుడు తెలుస్తాది తల్లీ. లేదా తెలీదు," అన్నాడాయన. ఇంకేమీ కలపలేదు.

హంసిని మొహం నెమ్మదిగా అటూ ఇటూ తిప్పింది. రేకు గొంతు డబ్బాలో రాళ్ళు దొర్లించుకుంటూ మొదలుపెట్టింది. "బల్ల. బల్ల మీద గ్లాసు. గ్లాసులో నీళ్ళు, సగం. కుడి వైపు కిటికీ, మూసి ఉంది." అందులో ప్రేమ లేదు, కోపం లేదు. పిల్ల తల తల్లి వైపు తిరిగింది.

"ఎదురుగా మనిషి. ఆడ మనిషి. ఏడుస్తోంది."

హంసిని చెయ్యి తల్లి మణికట్టు మీద కదలకుండా ఆగిపోయింది.

"అమ్మా," అంది. "నువ్వు ఏడుస్తావా?"

తొమ్మిదేళ్ళుగా నీలవేణి కుళాయి విప్పి ఏడ్చింది. కుక్కరు కూతలో ఏడ్చింది. పిల్ల ఎదురుగా కూర్చుని, దానికి అన్నం కలిపి పెడుతూ, చప్పుడు కాకుండా ఏడ్చింది. కన్నీళ్ళకి చప్పుడుండదు కనుక, అది ఆమెకు దొరికిన ఒకే ఒక్క చాటు.

"చేత్తో కళ్ళు తుడుచుకుంటోంది," అంది రేకు గొంతు.

నీలవేణి చెయ్యి గాలిలోనే ఆగింది. ఒంటి మీది బట్ట జారినట్టయింది. ఇక ఎక్కడికీ పోవడానికి లేదు. ఈ గొంతు నిలిచినా, నిలవకపోయినా, ఈ నలభై రోజులూ తన మొహం తెరిచిన కిటికీయే.

"ఏడుస్తానమ్మా," అంది.

"ఎప్పుడెప్పుడు?"

నీలవేణి చెయ్యి కిందికి దించేసింది. కుర్చీ దగ్గరగా లాక్కుని, మొహం కూతురి కళ్ళద్దాలకు ఎదురుగా పెట్టి, హంసిని పుట్టిన రోజు నుంచి చెప్పడం మొదలుపెట్టింది.